రాత్రి బ్యాకప్ టైంలో వీఎం పోతోంది, ఓఓఎం కాదు, హ్యూజ్‌పేజీలు తీసేయాలా?

కొండాపూర్_కుర్రోడు
మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు, ఎవరైనా చూసి చెప్పండి. కొండాపూర్‌లో చిన్న కంపెనీ, ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనొక్కడినే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న సెకండ్ హ్యాండ్ సర్వర్ ఒకటుంది, రెండు సాకెట్ల జియాన్ (అంటే ప్రాసెసర్లు రెండు), 192 జీబీ ర్యామ్. దాని మీద కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపేది), మూడు వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు. పోస్ట్‌గ్రెస్ ఉన్న డేటాబేస్ వీఎంకి 48 జీబీ, జావా యాప్ వీఎంకి 40, అకౌంట్స్ వాళ్ల విండోస్ వీఎంకి 24. నాకంటే ముందు ఉన్నాయన 160 జీబీని 2 ఎంబీ హ్యూజ్‌పేజీలుగా (మామూలు 4 కేబీ ముక్కలకి బదులు పెద్ద ముక్కలు) పక్కన పెట్టేసి వెళ్లాడు. నోట్‌లో ఒకటే లైను: "స్పీడ్ కోసం, ముట్టుకోకు".

ఇప్పుడు ప్రాబ్లం ఏంటంటే వారానికి రెండు మూడు సార్లు రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు డేటాబేస్ వీఎం గానీ యాప్ వీఎం గానీ పోతుంది. ఒక్కోసారి ప్రాసెసే మాయం, ఒక్కోసారి ప్రాసెస్ ఉంటుంది కానీ వీఎం పాజ్‌లో ఉండిపోతుంది. ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే కెర్నల్ ప్రాసెస్‌ని చంపడం) అనుకున్నా, డీమెస్గ్‌లో, అంటే కెర్నల్ లాగ్‌లో, ఒక్క ముక్క లేదు. హోస్ట్‌లో, అంటే అసలు సర్వర్‌లో, 20 జీబీ దాకా ఖాళీగానే కనిపిస్తోంది. ఆదివారం మెమ్‌టెస్ట్ కూడా నడిపా, క్లీన్. రీబూట్ చేస్తే రెండు రోజులు బుద్ధిగా ఉంటుంది, మళ్లీ మామూలే. హ్యూజ్‌పేజీలు మొత్తం పీకేసి మామూలు మెమరీకి వెళ్లిపోనా?

ఉల్టా_సీదా
పీకెయ్. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్‌పేజెస్ (టీహెచ్‌పీ, పెద్ద పేజీలు కెర్నల్ తనే చూసుకునేది) ఆల్వేస్ పెట్టి పడుకో. 2011లో కెర్నల్ 2.6.38తో వచ్చింది అది, ఇంకా చేత్తో లెక్కపెట్టి రిజర్వ్ చేసేవాళ్లున్నారంటే ఆశ్చర్యమే.

రాత్రిషిఫ్ట్
పీకే ముందు కారణం తెలుసుకో. వీఎంలని చూసుకునే లిబ్‌వర్ట్ టూల్‌తో లేపుతున్నావా, వేరేనా?

కొండాపూర్_కుర్రోడు
లిబ్‌వర్ట్ కాదు, ఆయన రాసిన షెల్ స్క్రిప్ట్. వీఎంని నడిపే క్యూఎము ప్రోగ్రాంని డైరెక్ట్‌గా పిలుస్తుంది, ముందు నూమాసీటీఎల్ ఏదో ఉంది.

బగారా_బైట్
పోయినోడు రాసిన షెల్ స్క్రిప్ట్ అంటే పాతబస్తీల పాత ఇంటి కరెంటు వైరింగ్ లెక్క తమ్మీ, ఏ స్విచ్చేస్తే ఏ గదిల లైటెల్గుతదో వాడికే ఎరుక.

మెమరీ_మామ
అబ్బాయ్, స్క్రిప్ట్‌లో ఎర్రర్ అవుట్‌పుట్ ఎక్కడికి పోతోందో చూడు ముందు. డీమెస్గ్‌లో లేదంటే క్యూఎము తనే ఏదో చెప్పి చచ్చిపోయి ఉంటుంది, నువ్వు వినలేదంతే.

కొండాపూర్_కుర్రోడు
మామా చూశా. లైను చివర్లో అవుట్‌పుటూ ఎర్రరూ రెండూ డెవ్ నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి, పోతున్నాయి.

బగారా_బైట్
సీదా మూసీలకే కలిపిండు.

అమీర్‌పేట_బ్యాచ్
మధ్యలో అడుగుతున్నందుకు తిట్టొద్దు. హ్యూజ్‌పేజీ వల్ల అసలు స్పీడ్ ఎందుకు వస్తుంది? మొన్న ఇంటర్వ్యూలో అడిగితే "పేజీ పెద్దది కాబట్టి" అన్నా. ఆయన నవ్వి నెక్స్ట్ క్వశ్చన్ అన్నాడు.

కెర్నల్_అక్క
నువ్వు చెప్పింది తప్పేం కాదు, సగం చెప్పావు. మామూలు పేజీ 4 కేబీ. 48 జీబీ వీఎం అంటే కోటీ 25 లక్షల పైన పేజీలు, అదే 2 ఎంబీ అయితే 24,576 చాలు. ప్రాసెసర్‌లో అడ్రస్‌లు గుర్తుపెట్టుకునే టీఎల్‌బీ చాలా చిన్నది, అందులో లేని అడ్రస్ వస్తే, ఏ అడ్రస్ మెమరీలో ఎక్కడుందో రాసిన పేజీ టేబుల్ నాలుగు మెట్లు దిగి వెతకాలి. వీఎంలో తలనొప్పి ఎక్కడంటే గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) టేబుల్‌లో ఒక్కో మెట్టు దగ్గరా ఆ టేబుల్ అసలు ఎక్కడుందో తెలుసుకోవడానికి హోస్ట్ టేబుల్ కూడా నాలుగు మెట్లు దిగాలి. అన్నీ కలిపితే ఒక్క మిస్‌కి 24 సార్లు మెమరీ దగ్గరికి పోవాల్సి రావచ్చు. గెస్ట్‌లోనూ హోస్ట్‌లోనూ 2 ఎంబీ పేజీలు వాడితే ఒక్కో మెట్టు తగ్గి అది 15 అవుతుంది, పైగా మిస్‌లే బాగా తగ్గుతాయి. రెండు వైపులా ఉండాలి, అది మర్చిపోకు. గెస్ట్‌లో పోస్ట్‌గ్రెస్‌కి హ్యూజ్‌పేజీలు ఇచ్చి హోస్ట్‌లో 4 కేబీ ఉంచితే టీఎల్‌బీలో చిన్నదే కూర్చుంటుంది.

కొండాపూర్ తమ్ముడూ, నీ సంగతికొస్తా. క్యూఎము లైనులో మెమ్ ప్రీఅలాక్ (వీఎం లేచేటప్పుడే మెమరీ మొత్తం తీసుకోమనడం) ఉందా? నూమాసీటీఎల్, అంటే ఏ సాకెట్ పక్కనున్న మెమరీ వాడాలో చెప్పే కమాండ్, దాని తర్వాత ఏముంది? ఈసారి వీఎం పాజ్ అయినప్పుడు ప్రాసెస్‌ని చంపకుండా అలాగే ఉంచి మెమ్ఇన్ఫోలో (కెర్నల్ మెమరీ లెక్కల ఫైల్) హ్యూజ్ అని ఉన్న లైన్లన్నీ ఇక్కడ పెట్టు. చంపేస్తే పేజీలన్నీ వెనక్కి పోతాయి, ఆధారం కూడా పోతుంది.

అమీర్‌పేట_బ్యాచ్
24 ఎలా వచ్చింది అక్కా? నాలుగు నాలుగులు 16 కదా.

కెర్నల్_అక్క
గెస్ట్ మెట్లు నాలుగు, ఒక్కోదానికి హోస్ట్‌లో నాలుగు దిగడం ప్లస్ ఆ గెస్ట్ ఎంట్రీ చదవడం, అంటే ఐదు చొప్పున 20. చివర్లో అసలు డేటా ఉన్న అడ్రస్ కోసం హోస్ట్‌లో ఇంకో నాలుగు.

కొండాపూర్_కుర్రోడు
స్క్రిప్ట్ తెరిచా. డేటాబేస్ వీఎంకి మెమ్‌బైండ్ 0 (సాకెట్ 0 పక్కనున్న మెమరీ మాత్రమే వాడు అని), యాప్ వీఎంకి మెమ్‌బైండ్ 0, విండోస్‌కి మెమ్‌బైండ్ 1. మెమ్ పాత్ హ్యూజ్‌పేజీల ఫోల్డర్‌కే చూపిస్తోంది. ప్రీఅలాక్ అన్న మాటే ఎక్కడా లేదు. ఎర్రర్ అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌కి మళ్లించా, ఇక రాత్రి కోసం వెయిటింగ్.

ఉల్టా_సీదా
ప్రీఅలాక్ లేకపోతే ఏంటి? హ్యూజ్‌పేజీలకి ఎంమ్యాప్ (ప్రోగ్రాం మెమరీ అడగడం) టైంలోనే కెర్నల్ రిజర్వ్ చేసి పెడుతుంది, సరిపోకపోతే అక్కడే ఫెయిల్ అవుతుంది. వీఎం లేచిందంటే పేజీలు దొరికినట్టే. సమస్య ఇంకెక్కడో ఉంది.

లక్డీకపూల్_లినక్స్
సాకెట్ ఒకటే అయితే నువ్వు చెప్పింది కరెక్ట్ బాస్. ఇక్కడ రెండు.

రాత్రిషిఫ్ట్
ఏదో ప్రోగ్రాం క్రాష్ అయ్యి హ్యూజ్‌పేజీల ఫోల్డర్‌లో ఫైళ్లు వదిలేసిందేమో కూడా చూడు.

లక్డీకపూల్_లినక్స్
అది నా బతుకులో జరిగింది. డీపీడీకే (నెట్‌వర్క్ ప్యాకెట్లు వేగంగా నడిపే లైబ్రరీ) వాడే ప్యాకెట్ ప్రోగ్రాం ఒకటి కిల్ చేస్తే ఆ ఫోల్డర్‌లో మ్యాప్ ఫైళ్లు అలాగే మిగిలిపోయాయి. ఫైల్ ఉన్నంతకాలం పేజీలు దానివే, ఎవరూ వాడకపోయినా సరే. మూడు రోజులు మెమరీ లీక్ అని కోడ్ చదివి చదివి చివరికి ఆ ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొడితే దొరికింది. ఇప్పుడు ఒక్కో అప్లికేషన్‌కి హ్యూజ్‌పేజీల మౌంట్ వేరుగా, సైజ్ లిమిట్‌తో, దాని గ్రూప్‌కి మాత్రమే పర్మిషన్‌తో పెడుతున్నా. పర్మిషన్ చిన్న విషయం కాదు. షేర్డ్‌గా మ్యాప్ చేసిన గెస్ట్ మెమరీ ఫైల్‌ని వేరే ప్రాసెస్ తెరవగలిగిందంటే గెస్ట్‌లో ఉన్నదంతా చదివేయొచ్చు, పాస్‌వర్డ్‌లతో సహా.

కొండాపూర్_కుర్రోడు
ఫోల్డర్ ఖాళీ. ఫైళ్లేం లేవు.

మెమరీ_మామ
బెలూన్ డ్రైవర్ ఏమైనా పెట్టావా వీఎంలలో?

కొండాపూర్_కుర్రోడు
ఉంది మామా. అది నేనే పెట్టా, ఖాళీగా ఉన్న మెమరీ వెనక్కి వస్తుందని.

మెమరీ_మామ
రాదు. బెలూన్ 4 కేబీ ముక్కల్లో ఇస్తుంది, హ్యూజ్‌పేజీ 2 ఎంబీ. ఒక హ్యూజ్‌పేజీ వెనక్కి పోవాలంటే దానిలోని 512 ముక్కలూ బెలూన్‌లోకి రావాలి, గెస్ట్ అలా వరసగా ఏరి ఇవ్వదు. గెస్ట్‌కి మెమరీ తగ్గుతుంది, హోస్ట్‌కి రూపాయి రాదు. స్వాప్ సంగతీ అంతే, రిజర్వ్ చేసిన హ్యూజ్‌పేజీ స్వాప్‌కి, అంటే డిస్క్ మీదికి, పోదు. ఒకేలా ఉన్న పేజీలని ఒకటిగా కలిపే కేఎస్‌ఎం వాటిని కలపదు. ఎక్కువ వీఎంలు కుక్కడానికి వాడే ట్రిక్కులన్నీ ఇక్కడ బంద్.

బగారా_బైట్
అంటే ఫంక్షన్ హాల్ బుక్ చేసినట్టే. దావత్‌కి వంద మందే వచ్చినా పైసలు మాత్రం వెయ్యి మందికి.

కొండాపూర్_కుర్రోడు
దొరికింది!!! నిన్న రాత్రి 2:10కి యాప్ వీఎం పాజ్ అయింది. ఎర్రర్ ఫైల్‌లో "కేవీఎం రన్ ఫెయిల్డ్ బ్యాడ్ అడ్రస్" అని ఉంది, కింద రిజిస్టర్ల డంప్ పెద్దది. అక్క చెప్పినట్టు చంపలేదు. మెమ్ఇన్ఫో ఇదీ:

హ్యూజ్‌పేజెస్ టోటల్ 81920
హ్యూజ్‌పేజెస్ ఫ్రీ 28672
హ్యూజ్‌పేజెస్ రిజర్వ్‌డ్ 4096
హ్యూజ్‌పేజెస్ సర్‌ప్లస్ 0

28672 ఫ్రీ అంటే 56 జీబీ ఖాళీ కదా. మరి ఎందుకు చచ్చింది??

ఉల్టా_సీదా
నేను చెప్పలా. పేజీలు బోలెడున్నాయి.

కెర్నల్_అక్క
ఆ 4096 చూడు తమ్ముడూ. "ఇస్తా" అని మాటిచ్చి ఇంకా చేతికివ్వని పేజీలవి. 4096 ఇంటూ 2 ఎంబీ, సరిగ్గా 8 జీబీ.

నీ 81920 పేజీలు బూట్‌లో రెండు నోడ్‌లకీ (ఒక్కో సాకెట్, దాని పక్కనున్న మెమరీ కలిపి ఒక నోడ్) సమానంగా పంచబడ్డాయి, ఒక్కోదానికి 40960, అంటే 80 జీబీ. నోడ్ 0 మీద నువ్వు కట్టేసిన వీఎంలు 48 ప్లస్ 40, మొత్తం 88. ఎనిమిది ఎక్కువ. ఆ ఎనిమిదే ఈ ఎనిమిది. ఫ్రీ చూపిస్తున్న 56 జీబీ అంతా నోడ్ 1లోది, విండోస్ 24 తీసుకోగా మిగిలింది. నోడ్‌వారీ లెక్క చూపే నూమాస్టాట్‌కి మైనస్ ఎం ఇచ్చి చూడు, నోడ్ 0లో ఫ్రీ సున్నా ఉండాలి.

ఎలా జరిగిందంటే ఎంమ్యాప్ చేసేటప్పుడు కెర్నల్ రిజర్వేషన్ లెక్క మెషీన్ మొత్తానికి కలిపి రాసుకుంటుంది, నోడ్‌వారీగా ఖాతా రాయదు. కొత్త కెర్నల్స్ ఆ క్షణంలో నీ నోడ్‌లో ఎన్ని ఖాళీ ఉన్నాయో ఒకసారి చూస్తాయి కానీ అందులో పక్క వీఎం బుక్ చేసుకుని ఇంకా ముట్టుకోనివి కూడా ఖాళీగానే కనిపిస్తాయి, కాబట్టి అక్కడా దాటిపోతుంది. రెండు వీఎంలూ హాయిగా లేస్తాయి. గెస్ట్ ఒక పేజీని మొదటిసారి తాకినప్పుడే అసలు పేజీ కావాలి. రాత్రి బ్యాకప్ డిస్క్ మొత్తం చదువుతుంది, గెస్ట్‌లో పేజీ క్యాష్ ఉబ్బుతుంది, అప్పటిదాకా తాకని మెమరీని తాకుతుంది. నోడ్ 0 అయిపోయింది. మెమ్‌బైండ్ పెట్టావు కాబట్టి నోడ్ 1కి పోవడానికి పర్మిషన్ లేదు.

ఇక రెండు రకాలుగా ఎందుకు చస్తోందంటే, వీసీపీయూ (వీఎం ప్రాసెసర్) తాకితే కేవీఎం పేజీ తేలేక క్యూఎముకి బ్యాడ్ అడ్రస్ అని చెబుతుంది, అది వీఎంని ఆపేస్తుంది. క్యూఎము తనే తాకితే, నెట్‌వర్క్ ప్యాకెట్‌ని గెస్ట్ మెమరీలోకి కాపీ చేసేటప్పుడు లాంటిది, సిగ్‌బస్ (ఆ మెమరీ అందలేదన్న సిగ్నల్) వచ్చి ప్రాసెస్ అక్కడికక్కడే పోతుంది. ఓఓఎం కాదు కాబట్టి డీమెస్గ్‌లో మాటే ఉండదు. పాత ఎగ్జిట్ కోడ్‌లు ఎక్కడైనా ఉంటే 135 కోసం వెతుకు, సిగ్‌బస్‌తో పోతే పడేది అదే.

కొండాపూర్_కుర్రోడు
నూమాస్టాట్: నోడ్ 0 ఫ్రీ 0, నోడ్ 1 ఫ్రీ 56 జీబీ. అక్కా దండం. క్రాన్ (టైం ప్రకారం పనులు నడిపేది) మెయిల్స్‌లో 135 నాలుగు చోట్ల ఉంది, నేనే అవి చదవకుండా ఫోల్డర్‌లోకి తోసేస్తున్నా.

బగారా_బైట్
ఇగో నేన్ చెప్తా చూడు. ఫంక్షన్ హాల్‌కి కింద ఒక అంతస్తు, మీద ఒక అంతస్తు. ఒక్కోదాంట్ల 80 కుర్చీలు. మేనేజర్ రెండు పెండ్లిండ్లు ఒప్పుకున్నడు, ఒకరికి 48, ఇంకొకరికి 40, మొత్తం 160 కుర్చీలున్నయ్ గదా అని. గని ఇద్దరూ "మావోళ్లు ముసలోళ్లు, మెట్లెక్కరు, మాకు కిందనే గావాలె" అన్నరు. బుకింగ్ కాడ లొల్లి లేదు. రాత్రి బువ్వ బంతి టైంకి అందరు ఒక్కసారి కూసునేసరికి 8 మందికి కుర్చీలు లెవ్వు, మీద అంతస్తు మొత్తం ఖాళీ. గదీ కథ.

అమీర్‌పేట_బ్యాచ్
ఇది నేను ఇంటర్వ్యూలో చెప్పేస్తా అన్నా.

బగారా_బైట్
చెప్పు, జాబ్ వస్తే దావత్ ఇయ్యి. కింద అంతస్తులనే ఇయ్యాలె.

ఉల్టా_సీదా
సరే, అక్క చెప్పింది ఒప్పుకుంటున్నా. కానీ నా మాటే నిలబడింది చూడండి, టీహెచ్‌పీ వాడితే ఈ రిజర్వేషన్ గోలే ఉండేది కాదు.

రాత్రిషిఫ్ట్
మెమ్‌బైండ్ ఉంటే టీహెచ్‌పీలో కూడా నోడ్ 0 దాదాపు నిండిపోయేది. ఇంకాస్త పెరిగితే ఈసారి స్వాప్ లేదా ఓఓఎం. డీమెస్గ్‌లో లైను పడేది, అదొక్కటే లాభం.

మెమరీ_మామ
టీహెచ్‌పీని పూర్తిగా తీసిపారేయక్కర్లేదు కానీ ఆల్వేస్ పెట్టి పడుకోమనడం బాధ్యత లేని మాట. పెద్ద పేజీకి వరసగా ఖాళీ దొరక్కపోతే కెర్నల్ ఆ క్షణంలోనే మెమరీ సర్దడం మొదలుపెట్టొచ్చు, తాకిన ప్రోగ్రాం అంతసేపూ ఆగాలి. డీఫ్రాగ్ సెట్టింగ్ కూడా ఆల్వేస్‌లో ఉంటే మరీ దారుణం. రెడిస్, ఒరాకిల్ వాళ్ల డాక్యుమెంట్లలోనే టీహెచ్‌పీ ఆపమని రాసి ఉంటుంది. మోంగోడీబీ వాళ్లు ఏళ్లపాటు ఆపమని చెప్పి వెర్షన్ 8.0 దగ్గర మాట మార్చారు, దానికి కారణం వాళ్లు మెమరీ అలకేటర్ మార్చుకోవడం. అంటే ఇది అప్లికేషన్‌ని బట్టి, కళ్లు మూసుకుని తిప్పే స్విచ్ కాదు. నేనైతే ఎంఅడ్వైజ్‌లో ఉంచుతా, క్యూఎము తనకి కావాలంటే తనే అడుగుతుంది.

ఉల్టా_సీదా
మామా మీరు ఎంఅడ్వైజ్ అన్నారంటే సగం నా దారిలోకి వచ్చినట్టే 😄

కెర్నల్_అక్క
ఒక్క ప్రశ్న తమ్ముడూ. ఆయన వెళ్లి ఎన్నాళ్లైంది? మూడు వారాల కిందట ఏం మార్చావు?

కొండాపూర్_కుర్రోడు
ఆయన వెళ్లి ఏడు నెలలు. మార్చిందేం లేదు.

కొండాపూర్_కుర్రోడు
ఒక్కటి మార్చా. యాప్ వీఎంకి ముందు 24 జీబీ ఉండేది, యాప్ స్లోగా ఉందని మేనేజర్ అంటే 40 చేశా. మూడు వారాల కిందటే 🙈

బగారా_బైట్
అబ్బబ్బ. పాయింటుకి వచ్చిండు.

రాత్రిషిఫ్ట్
48 ప్లస్ 24, 72. 80 లోపే. ఆయన లెక్క కరెక్ట్‌గానే వేసి వెళ్లాడు.

మెమరీ_మామ
ఇంతసేపూ ఆయన్ని తిట్టాం. డిస్కులూ నెట్‌వర్క్ కార్డూ ఏ సాకెట్ మీదున్నాయో చూడు, నోడ్ 0 మీదే ఉండి ఉంటాయి. యాపూ డేటాబేసూ మాట్లాడుకునేవి కాబట్టి రెండింటినీ ఒకే చోట పెట్టాడు. తెలిసినవాడే. "ముట్టుకోకు" అని కాకుండా "నోడ్‌కి 80 దాటకు" అని రాసి ఉంటే ఈ గొడవే లేదు.

కొండాపూర్_కుర్రోడు
రెండూ నోడ్ 0 మీదే మామా. ఆయన నంబర్ ఉంది, సారీ మెసేజ్ పెడతా. ఇప్పుడు డౌన్‌టైం లేకుండా నోడ్ 0కి ఇంకో 4096 పేజీలు కలపొచ్చా?

లక్డీకపూల్_లినక్స్
నోడ్ 0 కింద ఉన్న ఎన్‌ఆర్ హ్యూజ్‌పేజెస్‌లో 45056 (40960 ప్లస్ 4096) రాయి. రాసిన తర్వాత తిరిగి చదువు, అది ముఖ్యం. కుదిరినన్నే ఇస్తుంది, తక్కువ ఇచ్చినా ఎర్రర్ చెప్పదు. రోజుల తరబడి నడుస్తున్న హోస్ట్‌లో వరసగా ఉండే 2 ఎంబీ ముక్కలు అంత తేలిగ్గా దొరకవు.

కొండాపూర్_కుర్రోడు
రాశా. 42871 దగ్గర ఆగింది. క్యాష్ ఖాళీ చేసి, కాంపాక్ట్ మెమరీ (చెల్లాచెదురైన ఖాళీని ఒకచోటికి సర్దడం) కొట్టి మళ్లీ రాస్తే 43502.

కెర్నల్_అక్క
అక్కడితో ఆపు. నోడ్ 0లో మొత్తం 96 జీబీ, దానిలో 88 హ్యూజ్‌పేజీలకి ఇచ్చేస్తే ఆ నోడ్‌లో హోస్ట్‌కి 8 జీబీ మిగులుతుంది. 32 బిట్ అడ్రస్‌ల వరకే వెళ్లగల పరికరాలు అడిగే డీఎంఏ32 జోన్ కూడా ఆ నోడ్‌లోనే ఉంటుంది, దాన్ని పిండకు. క్యూఎము ప్రాసెస్ సొంత ఖర్చు, పేజీ క్యాష్, డ్రైవర్ బఫర్లు ఇవేవీ హ్యూజ్‌పేజీల్లోంచి రావు. 64 జీబీ మెషీన్‌లో 60 రిజర్వ్ చేసేసి హోస్ట్ ఎస్‌ఎస్‌హెచ్‌కి కూడా పలకని స్థితికి తెచ్చినవాళ్లని చూశా. హ్యూజ్‌పేజీల్లో బోలెడు ఖాళీ ఉంటుంది, ఓఓఎం మాత్రం షెల్‌ని చంపుతుంది.

ఒక మాట అడుగుతా, యాప్‌కి 40 నిజంగా కావాలా? జావా హీప్, అంటే యాప్ వాడుకునే మెమరీ హద్దు, ఎంత పెట్టావు?

కొండాపూర్_కుర్రోడు
హీప్ మార్చలేదు అక్కా. 16.

ఉల్టా_సీదా
16 హీప్‌కి 40 జీబీ వీఎం 😂 మేనేజర్‌కి నంబర్ నచ్చిందా

రాత్రిషిఫ్ట్
ఇంకో ఆలోచన వస్తుంది నీకు, ముందే చెబుతున్నా. 1 జీబీ పేజీలకి పోకు. వాటిని బూట్‌లోనే తీసుకోవడం మంచిది, తర్వాత దొరకడం కష్టం అన్నది ఒకటి. నా అనుభవం వేరేది. ఒక డిమ్‌లో (ర్యామ్ స్టిక్‌లో) సరిదిద్దలేని ఎర్రర్ వచ్చింది, గెస్ట్ 1 జీబీ పేజీల మీద ఉంది. పాడైంది కొన్ని బైట్లే, కానీ కెర్నల్ ఆ 1 జీబీ పేజీ మొత్తాన్ని పాయిజన్ అని పక్కన పెట్టింది, గెస్ట్ అందులో ఎక్కడ తాకినా దెబ్బే. ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. 2 ఎంబీ అయితే పోయేది 2 ఎంబీ. టీహెచ్‌పీ అయితే దాన్ని చీల్చి 4 కేబీ ముక్క పారేసేది. ఈ ఒక్క విషయంలో ఉల్టాసీదా గారికి మార్కులు.

ఉల్టా_సీదా
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.
అన్నట్టు స్పీడ్ కావాలంటే కేవీఎంలో ఎన్ఎక్స్ హ్యూజ్‌పేజెస్ అని ఒకటుంటుంది, ఆఫ్ చెయ్. పాత జియాన్లలో అది పేజీలని చీలుస్తూ ఉంటుంది.

కెర్నల్_అక్క
ఆగు తమ్ముడూ, చెయ్యకు. అది ఊరికే పెట్టలేదు. 2019 నవంబర్‌లో బయటపడిన ఐటీఎల్‌బీ మల్టీహిట్ అనే సెక్యూరిటీ లోపం కోసం, దాని నంబర్ సీవీఈ 2018-12207. గెస్ట్‌లో ఉన్నవాడు కోడ్ ఉన్న పేజీ సైజుని ఒక పద్ధతిలో మార్చితే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఇన్‌స్ట్రక్షన్ టీఎల్‌బీ ఒకే అడ్రస్‌కి చిన్నదీ పెద్దదీ రెండు ఎంట్రీలు పట్టుకుని మెషీన్ చెక్ (హార్డ్‌వేర్ ఎర్రర్) ఇస్తుంది. పోయేది ఆ వీఎం ఒక్కటే కాదు, హోస్ట్ మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే కేవీఎం పెద్ద పేజీల్లో కోడ్ నడవనివ్వదు, గెస్ట్ అక్కడ కోడ్ నడపబోతే ఆ ఒక్క పేజీని 4 కేబీలుగా చీల్చి నడపనిస్తుంది. డేటా పేజీలు పెద్దగానే ఉంటాయి, డేటాబేస్‌కి నష్టం తక్కువ. ఏఎండీ మీద ఈ జబ్బు లేదు, అక్కడ ఆటో సెట్టింగ్ తనే ఊరుకుంటుంది.

ఉల్టా_సీదా
మూడు వీఎంలూ వాడివే కదా అక్కా. తన హోస్ట్‌ని తనే కూల్చుకుంటాడా?

కెర్నల్_అక్క
యాప్ వీఎంలో రూట్, అంటే పూర్తి అధికారం, ఎవరెవరికి ఉంది తమ్ముడూ?

కొండాపూర్_కుర్రోడు
నాకు. మేనేజర్‌కి. యాప్ వెండర్ వాళ్లకి కూడా ఇచ్చాం, రిమోట్‌లో సపోర్ట్ చేయడానికి. వాళ్లలో ఎంతమంది వాడతారో మాత్రం తెలీదు.

ఉల్టా_సీదా
సరే, నా సలహా వాపస్.

మెమరీ_మామ
అలాగే హోస్ట్‌లో కేఎస్‌ఎం ఆన్‌లో ఉంటే ఆపెయ్ అబ్బాయ్, హ్యూజ్‌పేజీల వీఎంలకి అది ఎలాగూ పనికిరాదు. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ వ్రీ యూనివర్సిటీ వాళ్లు ఫ్లిప్ ఫెంగ్ షుయ్ అని ఒక దాడి చూపించారు, వీఎంల మధ్య ఒకేలా ఉన్న పేజీలు కలిసిపోవడాన్ని వాడుకుని రోహ్యామర్‌తో (ర్యామ్‌లో ఒకే వరసని పదేపదే తాకి పక్క వరసలో బిట్ చెడగొట్టడం) పక్క వీఎంలో బిట్ తిప్పేశారు. అంతకు ముందే 2014లో వీఎంవేర్ వాళ్లు వీఎంల మధ్య పేజీ షేరింగ్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు.

అమీర్‌పేట_బ్యాచ్
ఫెంగ్ షుయ్ అంటే ఇల్లు సర్దే వాస్తు కదా 😳

బగారా_బైట్
ఈశాన్యంల ర్యామ్ పెట్టొద్దు తమ్మీ, బరువు.

కొండాపూర్_కుర్రోడు
ఆదివారం పొద్దున్న 6కి ఆఫీసుకొచ్చి చేశా. యాప్ వీఎం 30 జీబీకి తగ్గించా, హీప్ 20. నోడ్ 0 మీద ఇప్పుడు 78, నోడ్ లిమిట్ మళ్లీ 40960కే తెచ్చా. మూడింటికీ ప్రీఅలాక్ ఆన్, బెలూన్ తీసేశా, ఎర్రర్లు ఫైల్‌కి. నోడ్ 1లో ఊరికే పడున్నవాటిలో 24576 పేజీలు వెనక్కి ఇచ్చేశా, హోస్ట్‌కి 48 జీబీ వచ్చింది. డేటాబేస్ వీఎం లేవడానికి ముందు పదిహేను సెకన్లు ఏమీ కనపడదు, మొదటిసారి భయమేసింది.

కెర్నల్_అక్క
అది 48 జీబీనీ ఒక్కో పేజీ తాకి సున్నాలు నింపుకోవడం. క్యూఎముకి ప్రీఅలాక్ థ్రెడ్స్ అని ఉంటుంది, పెంచితే త్వరగా అవుతుంది. సరిపోకపోతే ఇప్పుడు ఆ పదిహేను సెకన్లలోనే లేవనని చెప్పేస్తుంది, రాత్రి రెండింటిదాకా ఆగదు. ఒకసారి కావాలని యాప్‌కి 40 ఇచ్చి లేపి చూడు, ఆ ఎర్రర్ ఎలా ఉంటుందో కళ్లారా చూస్తావు.

కొండాపూర్_కుర్రోడు
చేశా అక్కా. మెమరీ అలకేట్ చేయలేకపోయా అని చెప్పి వెంటనే ఆగిపోయింది. డేటాబేస్ వీఎంకి ఏం కాలేదు.

బగారా_బైట్
అంటే మేనేజర్ ముహూర్తానికి ముందే అందర్నీ కూసోబెట్టి లెక్క జూస్తుండు.

రాత్రిషిఫ్ట్
లిబ్‌వర్ట్‌కి మారు తీరిక దొరికితే. హ్యూజ్‌పేజీలు అడిగితే ప్రీఅలాక్ అదే పెడుతుంది. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో హోస్ట్‌కి మార్చడం) ఎప్పుడైనా చేస్తే అవతలి హోస్ట్‌లో కూడా ఇవే పేజీలు అదే లెక్కలో ఉండాలి, అది అప్పుడు చూద్దాం.

కొండాపూర్_కుర్రోడు
ఇంకో హోస్ట్ ఎక్కడిది అన్నా, ఈ ఒక్కదానికే సీటీసీలో మూడుసార్లు బేరమాడారు మావాళ్లు.
పాతాయనకి మెసేజ్ పెట్టా. "80 దాటావా?" అని ఒక్క ముక్కే రిప్లై ఇచ్చాడు.

మెమరీ_మామ
ఆ ముక్క స్క్రిప్ట్ మొదటి లైనులో కామెంట్‌గా రాయి అబ్బాయ్. రేపు నీ తర్వాత వచ్చేవాడు ఇక్కడే పోస్ట్ పెడతాడు.

అమీర్‌పేట_బ్యాచ్
ఇంటర్వ్యూ అయింది. ఫంక్షన్ హాల్ కథ చెప్పా. ఈసారి కూడా నవ్వాడు కానీ నెక్స్ట్ రౌండ్ గురువారం అన్నాడు.

బగారా_బైట్
బిర్యానీ బాకీ. కింద అంతస్తుల 😎